ఓపెనింగ్ సీన్‌లో పాత్ర పరిచయాన్ని విశ్లేషించడం ఎలా? ముఖం కంటే ముందు ఏం చూపించారో చూడండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. “ఒక సినిమా ప్రారంభ సన్నివేశం ప్రధాన పాత్రను ఎలా పరిచయం చేసిందో విశ్లేషించండి” అని కోర్సులో అసైన్‌మెంట్ ఇచ్చారు. మీరు ‘ఆర్ఆర్ఆర్’ తీసుకున్నారు. రాసింది చూసి మీ సార్ “ఇది కథ చెప్పడం, విశ్లేషణ కాదు” అని వెనక్కి ఇచ్చారు. తేడా ఎక్కడుందని మీ మొదటి ప్రశ్న. ఆ సినిమా మొదటి సీన్‌లో హీరోలిద్దరూ లేరు కదా, మరి దేన్ని ప్రారంభ సన్నివేశం అనుకోవాలని రెండోది. ఏ భాగానికి ఎంత నిడివి ఇవ్వాలని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. పాత్ర ఎలాంటిదో రాయకండి. ఆ పాత్ర గురించి మనకు ఏది ముందు తెలిసింది, ఏది తర్వాత తెలిసింది, ఏది తెలియనివ్వకుండా ఆపారు, ఆ వరస రాయండి. ఆ వరస అలాగే ఎందుకు పెట్టారన్న దానికి జవాబు సినిమా చివరి భాగంలో వెతకండి. “ఈ సీన్‌లో రామ్ ధైర్యవంతుడని తెలుస్తుంది” అన్న వాక్యం ఏ సినిమాలో ఏ హీరోకైనా సరిపోతుంది. అలాంటి వాక్యాలు ఎన్ని పేర్చినా సార్ తిప్పే పంపుతారు.

నేను చాలా ఏళ్లుగా తెలుగు సినిమాల ఎడిటింగ్‌లో పనిచేస్తున్నాను. వీలు దొరికినప్పుడు షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలకు క్లాసులు చెప్తుంటాను. వరస గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. రషెస్, అంటే షూటింగ్‌లో తీసిన ముడి షాట్లు, మా దగ్గరికి వచ్చేసరికి నటుడు చెయ్యాల్సింది చేసేశాడు, లైటింగ్ అయిపోయింది, లొకేషన్ ఖాళీ చేసేశారు. ఏది ముందు, ఏది వెనక, ఏది ఎంతసేపు అన్నది మాత్రమే మా చేతిలో మిగులుతుంది. అంత కొంచెం దానితోనే ఒక మనిషి మీద చూసేవాళ్ల అభిప్రాయం పూర్తిగా మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను పనిచేసిన ఒక సినిమాలో కథానాయకుడు చాలా కాలానికి సొంతూరికి వస్తాడు. స్క్రిప్టులో వరస ఇలా ఉంది: బస్సు ఆగుతుంది, అతను దిగుతాడు, ముఖం మీద క్లోజప్, చుట్టూ చూస్తాడు, తర్వాత టీకొట్టు దగ్గర జనం అతన్ని గమనిస్తారు. అలాగే కట్ చేసి చూస్తే, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన కొడుకు కనిపించాడు. మన మనసు ఆ క్లోజప్ దగ్గరే అతని వైపు వెళ్లిపోయింది. కథకు కావలసింది వేరు. ఊరికి అతని మీద పాత పగ ఉంది, అతను నిజంగా తప్పు చేశాడో లేదో సగం సినిమా దాకా తేలకూడదు. అందుకని టీకొట్టు షాట్లు ముందుకు తెచ్చాం. టీ పోస్తున్న చెయ్యి ఆగుతుంది. ఒకామె తలుపు దగ్గరికి వేసుకుంటుంది. ఒక ముసలాయన లేవబోయి మళ్లీ కూర్చుంటాడు. వీళ్లందరూ ఎవరిని చూస్తున్నారో మనకు తెలియదు. అప్పుడు బస్సు మెట్టు మీద ఒక కాలు. ముఖం అన్నిటికంటే ఆఖర్న వచ్చింది. కొత్తగా ఒక్క షాట్ కూడా తియ్యలేదు. నటుడి ముఖంలో భావం కూడా అదే, ఎందుకంటే షాట్ అదే. కానీ ఈసారి ఆ ముఖంలో మనం తప్పు కోసం వెతకడం మొదలుపెట్టాం.

మీరు విశ్లేషించాల్సింది ఇదే. సీన్ ఏం చెప్పిందన్న దాని కంటే, మనల్ని ఏ వైపు నిలబెట్టి చూపించిందన్నది ముఖ్యం.

ఈ విద్య మన దగ్గర సినిమా రాకముందు నుంచే ఉంది. కూచిపూడిలో ముఖ్య పాత్రలు ప్రవేశ దరువుతో, అంటే తమను తాము పరిచయం చేసుకునే పాటతో, రంగం మీదికొస్తాయి. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం తీసుకోండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. ఆ తెర మీదుగా ముందు మనకు కనిపించేది ఆమె జడ. పాత సంప్రదాయంలో ఆ జడ ఒక సవాలు కూడా: విద్యలో నన్ను గెలవగలిగినవాళ్లు వచ్చి దీన్ని కత్తిరించండి అని. ముఖం చూడలేదు, మాట వినలేదు, ఆమె అతిశయం మాత్రం అప్పటికే తెర మీద వేలాడుతోంది. ఆ తర్వాత ఆటంతా ఏమిటి? కృష్ణుడి ఎడబాటులో ఆ అతిశయం కరగడమే. పరిచయంలో పెట్టిన వస్తువే కథలో పరీక్షకు వస్తుంది. సినిమా ఓపెనింగ్‌ను చదవడానికి దీనికంటే మంచి నమూనా నాకు దొరకలేదు. ఏ సినిమా చూసినా నేను ముందు వెతికేది జడ ఏది అని.

అభ్యాసానికి ముందు ఒక శుభ్రమైన కేసు చూద్దాం, ఆ తర్వాత మీ ‘ఆర్ఆర్ఆర్’కి వద్దాం. హిచ్‌కాక్ 1954లో తీసిన ‘రియర్ విండో’ మొదటి నిమిషాలు చూడండి. కెమెరా ముందు కిటికీ అవతలి పెరడునీ చుట్టూ ఉన్న ఇళ్లనీ చూపిస్తుంది. తర్వాత నిద్రలో ఉన్న కథానాయకుడు జేమ్స్ స్టీవార్ట్ నుదుటి మీద చెమట, పక్కన ఉష్ణోగ్రత చూపించే థర్మామీటర్. మళ్లీ ఇరుగుపొరుగు. మళ్లీ లోపలికొచ్చి అతని కాలికున్న పిండికట్టు, దాని మీద రాసిన పేరు. అక్కణ్ణించి పగిలిపోయిన ఒక కెమెరా. ఆ పక్కన గోడ మీద రేసు కారు ప్రమాదం ఫొటో, చక్రం ఊడి నేరుగా మన మీదికే వస్తున్నట్టు. ఇంకొన్ని ప్రమాదాల ఫొటోలు. ఫ్రేమ్ కట్టిన ఒక అమ్మాయి నెగటివ్. పక్కన పత్రికల దొంతర, పైనున్న పత్రిక అట్ట మీద అదే అమ్మాయి.

ఒక్క మాట లేకుండా అతని వృత్తి, అతని గాయం, ఆ గాయం ఎలా తగిలింది అన్నీ తెలిశాయి. చాలామంది వ్యాసాల్లో ఇక్కడితో ఆగిపోతారు. “మాటలు లేకుండా పాత్రను పరిచయం చేశారు” అని రాసి ముగిస్తారు. అసలు పని ఆ తర్వాత ఉంది. వరస చూడండి. అతనికంటే ముందు మనకు పెరడు తెలిసింది, ఇరుగుపొరుగు తెలిశారు. అంటే అతను కళ్లు తెరవకముందే మనం వాళ్ల కిటికీల్లోకి తొంగి చూశాం. తర్వాత సినిమాలో అతను అదే పని చేస్తుంటే, చూడకూడదని మనం అతన్ని తప్పుపట్టే హక్కు పోయింది. ఇక ఆ కారు ఫొటో. దాన్ని తియ్యడానికి అతను కార్ల పందెం దారిలో నిలబడి ఉండాలి. చక్రం తన మీదికొస్తుంటే తప్పుకోకుండా మీట నొక్కాడు. చూడ్డం కోసం ఒంటిని పణం పెట్టే మనిషి. చివర్లో ఎదురింటి హంతకుడు అతని గదిలోకే వచ్చినప్పుడు, కదలలేని అతను వాడేది ఫ్లాష్ బల్బులు. ఆయుధం కూడా కెమెరా సామానే. ముగింపులో రెండో కాలికి కూడా కట్టు పడుతుంది. మొదటి కెమెరా కదలికలో పెట్టిన ప్రతి వస్తువూ ఏదో ఒక రూపంలో తిరిగి వచ్చింది.

ఇప్పుడు ‘ఆర్ఆర్ఆర్’. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే వస్తుంది.

రాజమౌళి ఈ సినిమా మొదట్లో మూడు ముక్కలు వేరువేరుగా పెట్టి, స్టోరీ, ఫైర్, వాటర్ అని తెర మీద పేర్లు కూడా వేశారు. మొదటి ముక్క 1920 ఆదిలాబాద్ అడవుల్లో. గోండు పిల్ల మల్లి పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మ వేస్తుంది. వాళ్లు నాణేలు పడేస్తారు. పాటకు ఇచ్చిన బహుమానం అనుకుంటుంది తల్లి, పిల్లకు కట్టిన ఖరీదు అని వాళ్ల ఉద్దేశం. కారులో పిల్లను తీసుకుపోతుంటే తల్లి వెంటపడుతుంది. సిపాయి తుపాకి ఎత్తుతాడు. గవర్నర్ స్కాట్ ఆపి, ఇంగ్లండ్‌లో తయారై సముద్రాలు దాటి వచ్చిన తూటా ఖరీదు ఎంతో లెక్క చెప్తాడు. దాన్ని ఈమె మీద ఖర్చు పెట్టొద్దంటాడు. దుంగతో కొట్టిస్తారు.

ఇందులో రామ్ లేడు, భీమ్ లేడు. అయినా ఇది భీమ్ పరిచయంలో మొదటి భాగం అని నేను గట్టిగా చెప్తాను. ఎందుకంటే భీమ్‌కు ఏం కావాలో మనకు ఇక్కడే తెలిసిపోయింది. మనిషి ఇంకా రాలేదు, అతని అవసరం మాత్రం వచ్చేసింది. ఆ తర్వాత నిజాం తరఫు మనిషి వచ్చి, గోండులకు ఒక కాపరి ఉన్నాడని, పోయిన పిల్ల కోసం అతను వచ్చి తీరతాడని తెల్లవాళ్లను హెచ్చరిస్తాడు. మాట వచ్చింది. మనిషి ఇంకా రాలేదు. అవసరం, పేరు, భయం అన్నీ ముందు వచ్చి, ఆ తర్వాత అడవిలో ఒంటి మీద నెత్తురు పోసుకుంటూ భీమ్ కనిపిస్తాడు.

రామ్ దగ్గర సరిగ్గా దీనికి తలకిందులు. ఢిల్లీ దగ్గర పోలీస్ ఠాణా, చుట్టూ వేలమంది జనం, లాలా లజపతి రాయ్ అరెస్టు మీద ఆందోళన. లోపల పోలీసులు బెదిరిపోయి ఉన్నారు. వాళ్ల మధ్య అదే యూనిఫామ్‌లో ఒకడు కదలకుండా నిలబడి ఉంటాడు. అతనెవరో ఎవరూ చెప్పలేదు. అతనికి ఏం కావాలో మనకు తెలియదు. గుంపులోంచి ఒకడు రాయి విసురుతాడు, వాణ్ణి పట్టుకురమ్మని తెల్ల అధికారి హుకుం జారీ చేస్తాడు. రామ్ కంచె దాటి ఆ జనసముద్రంలోకి దూకుతాడు. కొడతారు, తొక్కుతారు, మీద పడతారు. ఆ ఒక్కణ్ణి మాత్రం వదలకుండా ఈడ్చుకొస్తాడు.

ఈ సీన్ గురించి “రామ్ వీరత్వాన్ని చూపించారు” అని మీరు రాసి ఉంటారనుకుంటున్నాను. ఒక్కసారి ఆగి చూడండి. అతను కొడుతున్నది ఎవరిని? మనవాళ్లని. ఎవరి ఆజ్ఞ మీద? తెల్లవాడి ఆజ్ఞ మీద. మన సినిమాల్లో హీరో ఎంట్రీ ఫైట్‌లో రౌడీలు ఉంటారు, అందుకని ఏ ఇబ్బందీ లేకుండా ఈల వేస్తాం. ఇక్కడ ఒళ్లు పులకరిస్తుంది, అదే సమయంలో లోపల ఏదో నచ్చదు. కండలకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, పనికి కొట్టబుద్ధి కాదు. ఆ రెండూ కలిసి ఉండటమే సీన్ ఉద్దేశం. సినిమా ముగిసేలోగా ఆ ముడి విప్పుతానని దర్శకుడు ఇక్కడ మాట ఇస్తున్నాడు.

వెంటనే పదోన్నతి విషయం. అంత చేసినా జాబితాలో అతని పేరు లేదు. ఇసుక సంచిని గుద్దుతాడు. ఇక్కడ మనకు కొంచెం తెలిసింది: ఇతనికి ఆ పదవి మీద పట్టుదల ఉంది. తర్వాత భీమ్‌ను ప్రాణాలతో పట్టుకున్నవాడికి పదవి అన్నప్పుడు రామ్ ముందుకు రావడం దీని మీదే నిలబడింది. కానీ ఎందుకంత పట్టుదల? అది మాత్రం బిగించి పట్టుకున్నారు. చాలా తర్వాత తండ్రి, ఊరు, తుపాకులు తెస్తానన్న మాట బయటపడ్డాక, ఠాణా ముందు దూకిన ఆ దూకుడు మనకు మళ్లీ కనిపిస్తుంది, ఈసారి వేరే అర్థంతో.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. భీమ్ విషయంలో కారణం ముందు తెలిసింది, మనిషి తర్వాత వచ్చాడు. రామ్ విషయంలో మనిషి ముందు వచ్చాడు, కారణం ఎంతో సేపటికి గాని తెలియలేదు. ఒకడితో మొదటి నుంచీ కలిసి నడుస్తాం, ఇంకొకణ్ణి దూరం నుంచి గమనిస్తాం. ఇద్దరూ స్నేహితులయ్యాక మన గుండె అదరడానికి కారణం ఈ తేడా. భీమ్ దాచింది మనకు తెలుసు, రామ్‌కు తెలియదు. రామ్ దాచింది భీమ్‌కూ తెలియదు, మనకూ సగమే తెలుసు. మీ అసైన్‌మెంట్‌కు ఈ ఒక్క వాక్యం వెన్నెముకగా సరిపోతుంది.

భీమ్ సీన్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. అక్కడ అందరూ పులి గురించి రాస్తారు, నాకు మాత్రం ఆఖర్న జరిగేదే ముఖ్యం. తోడేలు కోసం వేసిన ఉచ్చులోకి పులి వస్తుంది, తాళ్లు తెగుతాయి, మనిషీ మృగమూ ఎదురెదురుగా గర్జిస్తారు. ఇది ఎవరైనా తియ్యగలరు. పులి మత్తులోకి జారాక భీమ్ దానికి క్షమాపణ చెప్తాడు, తన అవసరం కోసం వాడుకుంటున్నందుకు. ఆ క్షమాపణ తీసేస్తే అతను బలవంతుడైన వేటగాడు మాత్రమే. అది ఉండటం వల్ల, తను చేస్తున్నది అవతలి ప్రాణానికి అన్యాయమని తెలిసి చేస్తున్న మనిషి అయ్యాడు. ఇంటర్వెల్ దగ్గర ఆ మృగాలతోనే గవర్నర్ భవనం మీద పడతాడు. పులిని ఎందుకు పట్టాడన్నదానికి జవాబు అక్కడ దొరుకుతుంది. క్షమాపణకు జవాబు ఇంకో చోట ఉంది: రామ్ ఎవరో తెలియక అతన్ని అపార్థం చేసుకున్నానని భీమ్ కుమిలిపోయే చోట. ఎదుటివాడి బాధను తన తప్పుగా మోసే గుణం పులి దగ్గరే మొదలైంది.

మొదటి సీన్‌లో తూటా ఖరీదు కూడా అంతే. చివర్లో స్కాట్ చావు ఒక్క తూటా దగ్గరికే వచ్చి ఆగుతుంది. అది ప్రతినాయకుడి పరిచయం మాత్రమే అనుకుని మీరు వదిలేసి ఉంటే, మళ్లీ రాయండి. తుపాకుల కోసమే బతుకుతున్న రామ్‌నీ, తుపాకి పట్టని భీమ్‌నీ ఆ తూటా ఒక దారిలోకి తెస్తుంది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు: ఓపెనింగ్ సీన్ వేరు, పరిచయ సీన్ వేరు. ఒక్కోసారి రెండూ ఒకటే అవుతాయి. కానప్పుడు ఆ మధ్య దూరమే మీ విషయం. ప్రధాన పాత్ర లేని ఓపెనింగ్, ఆ పాత్ర కోసం ఒక ఖాళీని సిద్ధం చేస్తుంది. ఆ ఖాళీ ఆకారం ఏమిటో రాయండి. సార్‌కు ఇబ్బంది లేకుండా మొదటి పేరాలోనే “నేను మల్లి సీన్ నుంచి భీమ్ పరిచయం దాకా ఒక యూనిట్‌గా తీసుకుంటున్నాను, కారణం ఇది” అని చెప్పేయండి.

దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 1972 నాటి ‘ది గాడ్‌ఫాదర్’. తెర నల్లగా ఉండగానే ఒక గొంతు, అమెరికాను నమ్ముతానని. తర్వాత అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి బొనసేరా ముఖం, చుట్టూ చీకటి. కెమెరా చాలా నెమ్మదిగా వెనక్కి వస్తుంది. ఎంతోసేపటికి ఫ్రేమ్ అంచున ఒక భుజం, ఒక చెయ్యి. ఆ చెయ్యి చిన్నగా కదిలితే ఎవరో వచ్చి ఏడుస్తున్నవాడికి గ్లాసు అందిస్తారు. అధికారం అంటే ఏమిటో ఆ చేతి కదలికలో ఉంది. ముఖం ఆ తర్వాత చూస్తాం, అప్పుడు కూడా ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ పైనుంచి పెట్టిన లైటింగ్ వల్ల కళ్లు నీడలోనే ఉంటాయి. విద్యార్థులు దీని మీద బ్రహ్మాండంగా రాస్తారు. కానీ ఒక ప్రశ్న అడగడం మర్చిపోతారు: ఈ సినిమా ఎవరి కథ? మారేది ఎవరు? ఆ చెయ్యి ఉన్న మాఫియా నాయకుడి కొడుకు మైకేల్. అతను ఆ గదిలో లేడు. బయట వెలుతురులో, పెళ్లి సందడిలో, మిలిటరీ యూనిఫామ్ వేసుకుని ప్రేయసి కేతో ఆలస్యంగా వస్తాడు. అది తన కుటుంబం మాత్రమేనని, తను వేరని ఆమెకు చెప్తాడు. చీకటి గది ముందు చూపించి, ఆ గదికి బయట ఇతన్ని కూర్చోబెట్టారు. ముగింపులో గదిలో అతనే ఉంటాడు, చేతికి ముద్దులు అతనికే, తలుపు కే ముఖం మీద మూసుకుంటుంది. ఓపెనింగ్ తండ్రిని పరిచయం చేస్తూనే కొడుకు చేరబోయే చోటును కూడా పరిచయం చేసింది. ప్రధాన పాత్ర ఎవరో ముందు తేల్చుకోకపోతే ఇదంతా జారిపోతుంది.

మన సినిమాలు తీసుకున్నప్పుడు ఒక చిక్కు ఉంటుంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. స్టార్‌ను పాత్ర నుంచి విడదీయాలి. తెలుగు సినిమాలో ఎంట్రీ సీన్ రెండు పనులు చేస్తుంది. హాల్లో అభిమానుల కోసం నటుడికి స్వాగతం పలుకుతుంది, కథ కోసం పాత్రను పరిచయం చేస్తుంది. కాలు, చెయ్యి, వీపు, ఆఖర్న స్లో మోషన్‌లో ముఖం, కింద నుంచి పెట్టిన యాంగిల్, నేపథ్య సంగీతం హోరు: ఇవి చాలాసార్లు మొదటి పనికి సంబంధించినవి. ముఖం ఆలస్యంగా చూపించిన ప్రతిచోటా లోతు ఉందనుకోకండి. నేను క్లాసులో ఒక పరీక్ష పెడతాను. ఆ సీన్‌లో ఎవరికీ తెలియని కొత్త నటుడు ఉన్నాడనుకోండి. ఇంకా ఏం మిగులుతుంది? ఠాణా సీన్‌లో కొత్త కుర్రాడున్నా “వీడు మనవాళ్లను ఎందుకు కొడుతున్నాడు” అన్న ప్రశ్న మిగులుతుంది. చాలా ఎంట్రీ ఫైట్లలో ఏమీ మిగలదు. మిగిలినదే మీరు రాయాల్సింది. ఎలివేషన్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. హాల్లో ఆ నిమిషం ఒళ్లు ఝల్లుమనేలా కట్ చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ పని మీద నాకు గౌరవం ఉంది. అది వేరే వ్యాసానికి విషయం, అంతే.

ఇంకో జాగ్రత్త, అతిగా చదవడం గురించి. గోడ నీలం రంగులో ఉంది కాబట్టి పాత్ర ఒంటరి, అద్దం ఉంది కాబట్టి ద్వంద్వ స్వభావం, కిటికీ ఊచలున్నాయి కాబట్టి బందీ. ఇలాంటివి ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. లొకేషన్‌లో గోడ ఆ రంగులో దొరికి ఉండొచ్చు. దర్శకుడు అనుకున్నాడా లేదా అన్న చర్చలోకి నేను వెళ్లను. నా నియమం సులువు: ఒక వస్తువో రంగో శబ్దమో అర్థం ఉన్నదని రాయాలంటే అది సినిమాలో కనీసం ఇంకోసారి రావాలి, వచ్చినప్పుడు ఏదో మారి ఉండాలి. తూటా తిరిగొచ్చింది. నిప్పూ నీరూ ఇంటర్వెల్ దగ్గర ఎదురెదురుగా నిలబడ్డాయి. కెమెరా ఫ్లాష్ తిరిగొచ్చింది. తిరిగిరానిదాన్ని వదిలెయ్యండి.

అన్ని పరిచయాలూ పెద్ద ఆర్భాటంతోనే ఉండాలనుకోవడం కూడా పొరపాటు. సత్యజిత్ రే 1955లో తీసిన ‘పథేర్ పాంచాలి’లో అపు ముఖం మనకు మొదట కనిపించదు. దుప్పటి కప్పుకుని పడుకున్న తమ్ముణ్ణి దుర్గ లేపుతుంది. దుప్పటి చిరుగులోంచి అతని కన్ను ఒక్కటే కనిపిస్తుంది, ఆమె దాన్ని వేలితో తెరుస్తుంది. అప్పటిదాకా సినిమా దుర్గది. ఇక్కణ్ణించి చూసే కన్ను అపుది, ఆ కన్ను తెరిచింది అక్క. తర్వాత ఆమెతో కలిసి అతను రైలు చూడ్డానికి పరిగెత్తేటప్పుడు ఈ షాట్ గుర్తుకు రావాలి.

ఇక ఎలా పని చెయ్యాలన్నది. సీన్‌ను ముందు శబ్దం తీసేసి చూడండి, తర్వాత తెర వైపు చూడకుండా శబ్దం ఒక్కటే వినండి. రెండింటిలో పాత్ర గురించి ఒకే విషయం తెలుస్తోందా, వేరువేరుగానా? ఠాణా సీన్‌లో శబ్దమంతా జనానిది, రామ్ నోట మాటే దాదాపు లేదు. అది నోట్ చేసుకోండి. ఆ తర్వాత షాట్ల పట్టిక వేసుకోండి. చాలామంది లాంగ్ షాట్, మిడ్ షాట్, క్లోజప్ అని రాసుకుని ఆగుతారు. ప్రతి షాట్ ఎదురుగా ఇంకో రెండు గళ్లు పెట్టండి: ఈ షాట్‌తో నాకు కొత్తగా ఏం తెలిసింది? ఇప్పుడు నేను ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను? రెండో గడి నిండటం మొదలైతే మీ వ్యాసం దానంతట అదే రూపం తీసుకుంటుంది. అప్పుడు చివరి అరగంట మళ్లీ చూసి, ఆ గడిలోని ప్రశ్నల్లో వేటికి జవాబొచ్చిందో గుర్తు పెట్టండి.

తేడా స్పష్టంగా కనిపించడానికి రామ్ సీన్ మీద నేనైతే ఎలా రాస్తానో ఒక పేరా ఇస్తున్నాను. దీన్ని కాపీ చెయ్యకండి, నడక మాత్రం గమనించండి:

“గుంపు ఎదుట నిలబడ్డ పోలీసుల్లో రామ్ ఒకడు. మిగతావాళ్లు బెదురుతుంటే అతనొక్కడు కదలడు. అతని మొదటి కదలిక తన కోపంతో రాదు, తెల్ల అధికారి నోటి నుంచి ఆజ్ఞ వచ్చాక వస్తుంది. మొదలయ్యాక ఎన్ని దెబ్బలు పడినా ఆగదు. సీన్ అతని బలాన్ని ఏ అనుమానం లేకుండా చూపించి, ఆ బలం ఎవరి కోసమన్నది మాత్రం తెరిచి ఉంచుతుంది. పదోన్నతి జాబితా ఆ ప్రశ్నకు సగం జవాబిస్తుంది. మిగతా సగం అతని బాల్యం బయటపడేదాకా రాదు. అందువల్ల ప్రేక్షకుడు చాలాసేపు రామ్‌ను మెచ్చుకుంటూనే అనుమానిస్తాడు, భీమ్ విషయంలో ఆ అవకాశమే లేదు.”

ఇందులో కథ ఉంది, కానీ ప్రతి కథా వివరం ఒక ప్రశ్నకు జవాబుగా వచ్చింది. “తర్వాత”, “అప్పుడు” అని వాక్యాలు కలుస్తుంటే మీరు కథ చెప్తున్నారు. “అందువల్ల”, “అయినా”, “మాత్రం” అని కలుస్తుంటే విశ్లేషిస్తున్నారు. మీ పాత కాగితాలు తీసి ఈ మాటల కింద గీతలు గీసి చూసుకోండి, సార్ ఎందుకు తిప్పి పంపారో అక్కడే దొరుకుతుంది.

నిడివి గురించి కూడా అడిగారు. మూడు ముక్కలూ సమానంగా రాయాలని పెట్టుకోకండి. మల్లి సీన్‌కు ఒక పేరా, భీమ్‌కు రెండు, మిగతాదంతా రామ్‌కు ఇవ్వండి, ఎందుకంటే చిక్కు ఉన్నది అక్కడే. బ్రిడ్జి సీన్ జోలికి పోకండి. అది ఇద్దరూ కలిసే చోటు, దాన్ని మొదలుపెడితే మీ పేజీలన్నీ తినేస్తుంది. రాశాక రామ్ భాగం ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.